ఖోసా చదువు తెలుగువాళ్ళకెందుకు? ఒక సంవాదం

ఖోసా దక్షిణాఫ్రికా ఆగ్నేయ తీరాన, ఈస్టర్న్ కేప్ రాష్ట్రంలో ఎక్కువమంది మాట్లాడే భాష. 2011 జనగణన లెక్కల్లో 81 లక్షల పైచిలుకు జనానికి, అంటే నూటికి 16 మందికి, అది ఇంటి భాష. బంటూ కుటుంబంలో నగూని శాఖకు చెందింది. జులూ దీనికి ఎంత దగ్గరంటే, ఒకరి మాట ఒకరికి దుబాసీ లేకుండానే చాలావరకు అర్థమవుతుంది. నెల్సన్ మండేలా మాతృభాష ఖోసా. 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగం 6వ సెక్షన్‌లో 11 అధికార భాషల్ని పేర్కొంటూ ఖోసాను చేర్చింది. 2023లో సంజ్ఞాభాష చేరాక ఆ సంఖ్య 12 అయింది. అదే సెక్షన్ చివరి భాగంలో, దేశంలోని సమాజాలు వాడే ఇతర భాషల్ని కూడా ప్రోత్సహించాలని, గౌరవించాలని ఒక నియమం ఉంది. ఆ పట్టికలో తమిళం, హిందీ, గుజరాతీ, ఉర్దూలతో పాటు తెలుగు ఉంది. ఇంగ్లిష్ ప్రతిలో ఒక అక్షరం తేడాగా పడినా అది మన తెలుగే.

నెల్లూరు తీరానికి భాషాధ్యయనం కొత్త కాదు. తిక్కన భారతం పుట్టిన గడ్డ ఇది. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చాక ఏర్పడ్డ విశిష్ట అధ్యయన కేంద్రం మైసూరు నుంచి ఈ జిల్లాలోని వెంకటాచలానికి తరలివచ్చింది. ఆ చుట్టుపక్కలే విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది. అందుచేత ఇక్కడి తెలుగు విద్యార్థి ఏ భాషలు చదవాలి, ఎంత దూరం పోవాలి అన్నది ఈ తీరాన నిజంగా తేలవలసిన ప్రశ్న. దాని మీద వాదించేవాళ్ళు ఇద్దరు. ఒకరు కావలి వైపు కాలేజీల్లో తెలుగు చెప్పి రిటైరైన మాస్టారు. రెండోవారు ఆయన తమ్ముడి కూతురు, భాషాశాస్త్రంలో పరిశోధన చేస్తున్న యువతి.

మాస్టారి పూర్వపక్షం సొంత ఇంటి నుంచి మొదలవుతుంది. “అమ్మణ్ణీ, నెల్లూరు జిల్లా శాసనాల్ని బటర్‌వర్త్, వేణుగోపాలచెట్టి కలిసి 1905లోనే మూడు సంపుటాలుగా అచ్చువేశారు. వాటిలో ఉండే తెలుగు మీద చేయవలసిన పని ఇంకా కొండంత ఉంది. ఎరుకల వాళ్ళు ఇంట్లో మాట్లాడుకునే కుర్రు భాష తమిళానికి దగ్గరది. మన పక్కనే వినపడతా ఉంటే దాన్ని మనం భాషగా లెక్కపెట్టలేదు. యానాదుల మీద వెన్నెలకంటి రాఘవయ్య గారు 1962లో పుస్తకం రాశారు. ఆయన తరువాత వాళ్ళ పలుకును, పాటను ఊరూరా తిరిగి రాసుకున్నవాళ్ళు ఎంతమంది? ఇంట్లో దీపం పెట్టకుండా కేప్‌టౌన్‌లో పెడతావా?”

ఆమె ఈ మాటను తోసిపుచ్చదు. “పెద్దనాన్నా, మీరు చెప్పిన పనులన్నీ జరగాల్సిందే. అయితే వాటిని చేసే మనిషి ఎట్టా తయారవుతాడు? రాయని భాషను చెవితో పట్టుకోవడం, అందులో మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తేల్చుకోవడం, తన వ్యాకరణాన్ని దాని నెత్తిన రుద్దకుండా దాని వ్యాకరణాన్ని దాన్నుంచే తీయడం. ఇవి తెలుగు ఒక్కటే చదివితే రావు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో సవర నేర్చుకున్నప్పుడు ఆయనకు దొరికిన చదువు అదే. సవర తెలుగుకు చుట్టం కాదు, ముండా కుటుంబపు భాష. సవర వచ్చినవాళ్ళను ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు, వాళ్ళ పిల్లలకు బడులు పెట్టారు, వాచకాలు రాశారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లిష్ నిఘంటువు వచ్చాయి. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటానికి అంత బలం ఎక్కడి నుంచి వచ్చింది? నోటి మాటే భాష అని సవరల దగ్గర చూసినవాడు గనక.”

గిడుగు పేరు రాగానే వాదం వేరే దారి పడుతుంది, ఎందుకంటే మాస్టారికి ఆయన మీద గౌరవం. అయినా మాస్టారు రెండో అభ్యంతరం వదలడు. “గిడుగు సవర నేర్చింది సవరలు పక్కనున్నారని. ఖోసా వాళ్ళు నీకు పక్కన లేరు. పైగా నన్నయ నాటికి మనకు కావ్యం ఉంది. ఖోసాకు అక్షరాలొచ్చింది మిషనరీల చేత. రెండు వందల ఏళ్ళ రాతలో చదవవలసిన సాహిత్యం ఏముంటుంది?”

ఈ ప్రశ్నకు జవాబు కొంచెం విస్తరించి చెప్పవలసిందే. చాలామంది తెలుగు పాఠకుల మనసులో ఉన్న ప్రశ్న ఇది.

ఖోసాలో తొలి అచ్చు 1823 డిసెంబరులో, ట్యూమే నది లోయలోని మిషనులో పడింది. జాన్ రాస్ అనే స్కాట్లండ్ మిషనరీ చిన్న అచ్చుయంత్రం తెచ్చాడు. అంతకు ముందు నుంచీ జాన్ బెన్నీ ఆ భాషకు లిపి సమకూర్చుతున్నాడు. కానీ ఖోసాలో పేరు తెలిసిన మొదటి కవి అచ్చుకంటే ముందువాడు. న్ట్సికానా అనే ఆ భక్తుడు చదువురాని మనిషి, 1821లో చనిపోయాడు. ఆయన కట్టిన కీర్తనలు శిష్యుల నోళ్ళలో నిలిచి తరవాత కాగితానికెక్కాయి. అంతకంటే వెనక ఇంబొంగి సంప్రదాయం ఉంది. ఇంబొంగి అంటే నాయకుడి కొలువులో ఆశువుగా స్తుతి చదివే కవి. అయితే ఆయన పని స్తుతితో ఆగదు. నాయకుడు దారి తప్పితే నలుగురిలో నిలబడి మందలించే హక్కు ఇంబొంగికి ఉంది. భట్రాజుల స్తుతి పద్యాన్నీ చాటు పద్యంలోని తిట్టునూ ఒకే కవి ఒకే గుక్కలో చదివితే ఎట్టా ఉంటుందో ఊహించుకోవచ్చు.

అచ్చు వచ్చాక కథ వేగంగా నడిచింది. 1856లో స్కాట్లండ్‌లో మతగురువుగా దీక్ష తీసుకున్న టియో సోగా, బన్యన్ రాసిన యాత్రికుని కథ మొదటి భాగాన్ని 1867లో ఖోసాలోకి తెచ్చాడు. 1859 నాటికే బైబిలు మొత్తం ఖోసాలో ఉంది. లవ్‌డేల్ మిషను నుంచి ఇసిగిడిమి పత్రిక నడిచింది. 1884లో జాన్ టెంగో జబావు మిషను నీడ నుంచి బయటికొచ్చి ఇంవో జబంట్సుండు అనే సొంత పత్రిక పెట్టాడు. జనం ఉత్తరాలు రాశారు, పద్యాలు పంపారు, రాజకీయం మీద తగువులాడుకున్నారు. నెల్లూరులో జమీన్ రైతు పత్రిక చేసిన పనికి దగ్గరి పని అది. ఖోసా సాహిత్యంలో మంచి భాగం పుస్తకాల్లో కాక ఆ పాత పత్రికల కట్టల్లోనే ఉంది. దాన్ని వెలికితీసిన పండితులు దశాబ్దాలు గ్రంథాలయాల్లో కూర్చున్నారు.

ఆ కాలపు శిఖరం ఎస్.ఇ.కె. ఎంఖాయి (1875–1945). 1914లో వచ్చిన ఆయన కథ, ఇట్యాల లమవెలె, ఇద్దరు కవలల వ్యాజ్యం. అన్న ఎవరు, తమ్ముడు ఎవరు, తండ్రి ఆస్తికి పెద్దరికం ఎవరిది? ముందు చెయ్యి బయటికి వచ్చి వెనక్కి పోయినవాడా, ముందు పూర్తిగా పుట్టినవాడా? రాజు కొలువులో సాక్షులు వస్తారు, మంత్రసానులు చెబుతారు, పెద్దలు పాత తీర్పుల్ని తవ్వుతారు. బ్రిటిష్ కోర్టులు రాకముందు ఖోసా జనానికి చట్టం, విచారణ, ప్రజల ఎదుట వాదన ఉన్నాయని చూపడం ఎంఖాయి ఉద్దేశం. వలస పాలకుడు ఆ జనానికి న్యాయం తెలియదని అన్న రోజుల్లో ఒక కవి ఇచ్చిన జవాబు ఈ కథ. 1925లో వేల్స్ యువరాజు దక్షిణాఫ్రికా వచ్చినప్పుడు కూడా ఎంఖాయి ఇంబొంగిగా నిలబడి స్వాగతమే చదివాడు. ఆ స్వాగతంలోనే బైబిలుతో పాటు సారా, తుపాకీ కూడా మీరే తెచ్చారని ఎత్తిచూపాడు. ఇనాక్ సొంటోంగా 1897లో కట్టిన పాటకు ఎంఖాయి మరో ఏడు చరణాలు కలిపాడు. ఆ పాట తొలి పంక్తులే నేడు దక్షిణాఫ్రికా జాతీయగీతం ఎత్తుగడ.

“సాహిత్యం ఉందని ఒప్పుకున్నా,” అంటాడు మాస్టారు. ఒప్పుకోవడంలో ఆయనకు చిన్నతనం లేదు. “ఇంత గొప్పదైతే ఇంగ్లిష్‌లో దొరకదా? రష్యన్ నేర్చుకోకుండానే మన వాళ్ళు టాల్‌స్టాయ్‌ని తెలుగు చేసుకోలేదా? చినువా అచెబె, గూగి పేర్లు మనకు తెలిసింది ఇంగ్లిష్ వల్లనే గదా. ఖోసా నేర్చుకునే పదేళ్ళలో ఇంగ్లిష్ నుంచి పది పుస్తకాలు తెలుగులోకి తేవచ్చు.”

పూర్వపక్షంలో అందరికీ సబబుగా తోచే వాదన ఇదే. దీనికి ఆమె సిద్ధాంతంతో కాక సంవత్సరాలతో జవాబు చెబుతుంది. “ఎ.సి. జోర్డన్ నవల, ఇంగ్ఖుంబొ యెమిన్యాన్య, 1940లో ఖోసాలో వచ్చింది. చదువుకున్న యువరాజు, పూర్వీకుల ఆచారం, రెండిటి నడుమ పడి కూలిపోయే రాజ్యం. ఖోసా నవలల్లో అందరూ మొదట చెప్పే పేరు అది. ఇంగ్లిష్‌లో వచ్చింది 1980లో. నలభై ఏళ్ళు. ఎంఖాయి కవలల కథ సంగ్రహంగా ఎప్పుడో వచ్చినా, మొత్తం పుస్తకం ఇంగ్లిష్‌లోకి రావడానికి వందేళ్ళు దాటింది. నొంట్సిజి ఎంగ్ఖ్వెతొ అనే ఆమె 1920ల్లో జొహానెస్‌బర్గ్ పత్రికలో పద్యాలు రాసింది. మగవాళ్ళ కొలువైన ఇంబొంగి గొంతును తను తీసుకుని నాయకుల్ని, జనాన్ని, తెల్లవాళ్ళను నిలదీసింది. ఆమె పద్యాలు ఇంగ్లిష్ అనువాదంతో పుస్తకమైంది 2007లో. ఇంగ్లిష్ గుమ్మం దగ్గర నిలబడితే మనకు కనిపించేది ఆ గుమ్మం దాటి వచ్చినంతే, పెద్దనాన్నా. ఏది దాటాలో నిర్ణయించేది మనమూ కాదు, ఖోసా వాళ్ళూ కాదు.”

ఈ సంగతి సాహిత్యానికే పరిమితం కాదు. 1856–57లో నొంగ్ఖవూసె అనే అమ్మాయి చెప్పిన జోస్యాన్ని నమ్మి ఖోసా జనం తమ పశువుల్ని చంపుకున్నారు, పంటలు మానుకున్నారు. కరువులో వేలకు వేలమంది చనిపోయారు, భూములు వలస ప్రభుత్వం చేతికి పోయాయి. బ్రిటిష్ దస్త్రాల్లో ఈ ఘటనకు ఒక కథనం ఉంది. 1888లో విలియం గొబా అనే ఖోసా రచయిత ఇసిగిడిమిలో ఖోసాలో రాసిన వృత్తాంతం మరొకటి. రెండోదాన్ని చదవలేని చరిత్రకారుడు సగం సాక్ష్యంతో తీర్పు చెప్పినట్టే.

ఆఫ్రికా రచయితలు తమలో తాము చేసుకున్న వాదం కూడా ఇక్కడే తగులుతుంది. 1962లో ఉగాండాలోని మకెరెరెలో జరిగిన సదస్సుకు పిలిచింది ఇంగ్లిష్‌లో రాసే ఆఫ్రికా రచయితల్ని. తమ భాషల్లో ఎంతో రాసినవాళ్ళు అప్పటికి బతికే ఉన్నారు. యొరూబాలో నవలలు రాసిన ఫగున్వా ఉన్నాడు, స్వాహిలీ కవి షాబాన్ రాబర్ట్ ఉన్నాడు. ఆ పిలుపు వాళ్ళకు కాదు. ఈ తప్పును గట్టిగా పట్టుకుని, తానే ఇంగ్లిష్ వదిలిపెట్టినవాడు గూగి వా థియాంగో. కెన్యా జైల్లో మరుగుదొడ్డి కాగితం మీద గికూయులో రాసిన నవల 1980లో అచ్చయింది. ఇంగ్లిష్‌లోకి దాన్ని ఆయనే మార్చుకున్నాడు. ఆ నవలను ఇక్కడి జైల్లో కూర్చుని తెలుగు చేసినవారు వరవరరావు. ఇంత దగ్గరి మనసులున్న రెండు భాషల నడుమ కూడా పుస్తకం ఇంగ్లిష్ మీదుగానే ప్రయాణం చేసింది. గికూయు తెలిసిన తెలుగువాడు లేకపోవడమే దానికి కారణం. అనువాదకుణ్ణి తప్పుపట్టే మాట కాదిది. విశ్వవిద్యాలయాలు మాత్రం దీనికి జవాబు చెప్పుకోవాలి.

మాస్టారు కొంతసేపు ఆలోచించి ఆచరణకు దిగుతాడు. “సరే. మన పిల్లకాయలకు ఆ భాష నోరు తిరుగుతుందా? చప్పరింపుల భాషంట గదా?”

చప్పరింపు ధ్వనులు ఖోసాలో మూడు రకాలు. పళ్ళ వెనక నాలుక ఆనించి లాగితే ఒకటి, అంగిలి నుంచి ఒక్కసారిగా విడిపిస్తే ఒకటి, నాలుక పక్క నుంచి గాలి లాగితే ఒకటి. ఖోసా అన్న పేరు మొదట్లో ఉండేది ఈ మూడోది. తెలుగు లిపిలో ఖకారంతో రాసుకోవడం సర్దుబాటే. నెల్లూరు పల్లెల్లో ఎద్దుల్ని అదిలించేటప్పుడు బుగ్గ పక్క నుంచి చేసే చప్పుడు సరిగ్గా ఆ ధ్వనే. మన భాషలో అది మాటలో కలవదు, అక్కడ మాటలో హల్లు. ఊపిరి, నాదం, ముక్కుపలుకు కలిసి ఈ మూడూ పదిహేనుకు తక్కువ కాని హల్లులవుతాయి. ఇవి బంటూ భాషలకు సహజమైనవి కావు. ఆ నేలమీద ముందు నుంచి ఉన్న కోయ్, సాన్ జనాల భాషల నుంచి చేరాయి. చేరడానికి పండితులు చెప్పే కారణాల్లో ఒకటి తెలుగువాళ్ళకు త్వరగా అర్థమవుతుంది. ఖోసా కోడలు మామగారి పేరునే కాదు, ఆ పేరులోని అక్షరం ఉన్న ఇతర మాటల్ని కూడా పలకదు. హ్లొనిఫ అనే ఈ మర్యాద కోసం మాట మార్చుకోవలసి వచ్చినప్పుడు, పొరుగు భాష నుంచి వచ్చిన చప్పరింపు ధ్వనులు అక్కరకొచ్చాయని ఒక వాదం. భర్త పేరు, అత్తమామల పేర్లు నోట పలకని ఆడవాళ్ళు మన పల్లెల్లో నిన్నమొన్నటి దాకా ఉన్నారు. అయితే మన దగ్గర ఆ మర్యాద భాష ధ్వనుల దాకా పోలేదు.

అసలు కష్టం నోటిది కాదు, వ్యాకరణానిది. ఖోసా నామవాచకాలు పదిహేను దాకా వర్గాలుగా ఉంటాయి. ఏ వర్గమో మాట ముందుండే ముక్క చెబుతుంది, ఆ ముక్క వాక్యమంతా తిరిగి తిరిగి వస్తుంది. అందమైన పిల్లలు ఆడుకుంటున్నారు అనడానికి అబంట్వాన అబహ్లె బయద్లాల అంటారు. పిల్లల మాటలో ఉన్న ‘బ’ విశేషణంలో వచ్చింది, క్రియలోనూ వచ్చింది. తెలుగులో విశేషణం కదలదు, క్రియ చివర మాత్రం పొందిక చూపుతుంది. మనం ప్రత్యయాల్ని మాట వెనక కట్టుకుంటాం. వాళ్ళు ముందూ వెనకా కూడా కడతారు. మహత్తు, అమహత్తు అన్న తేడా ఎందుకుందో చెప్పలేక తికమకపడే తెలుగు విద్యార్థి, పదిహేను వర్గాల భాషను చూశాక తన భాష ఎంచుకున్న విభజనను కొత్తగా చూడగలుగుతాడు. ఈ ఒక్క లాభం కోసమే ఖోసా వ్యాకరణాన్ని ఎం.ఏ. తెలుగులో ఒక పాఠంగా పెట్టినా తప్పులేదు.

ఆ వ్యాకరణాల చరిత్రను కూడా జాగ్రత్తగా చదవాలి. 1834లో బోయ్స్ అనే మిషనరీ ఈ పొందికను తొలిసారి వివరించాడు. 1862లో విల్‌హెల్మ్ బ్లీక్ బంటూ భాషల తులనాత్మక వ్యాకరణం తెచ్చాడు. 1899లో క్రాఫ్ నిఘంటువు వచ్చింది. ఆ నిఘంటువు పేరులో ఖోసా జనానికి వాడిన మాట ఇప్పుడు దక్షిణాఫ్రికాలో శిక్షకు తగిన దూషణ. బ్రౌన్ దొర నిఘంటువును తెలుగువాళ్ళు ప్రేమగా తలుచుకుంటారు, తలుచుకోవలసిందే. కానీ బ్రౌన్‌కు ముందే తెలుగుకు నిఘంటువులు, వ్యాకరణాలు, వాటి మీద తగువులు ఉన్నాయి. ఖోసాకు మొదటి నిఘంటుకారులు బయటివాళ్ళే అయ్యారు. లిపి సంస్కరణ కూడా పైనుంచే జరిగింది. 1936లో కొత్త అక్షరాలు చేర్చారు, 1955లో వాటిని తీసేశారు. భాషకు కావలసిన పుస్తకాలు చేసిపెట్టింది, ఆ భాషలో ఏది రాయవచ్చో ఏది రాయకూడదో నిర్ణయించింది ఒకే మిషను అయినప్పుడు ఏమవుతుందో పక్కనే ఉన్న సోతో సాహిత్యం చూపుతుంది. థామస్ మొఫొలో రాసిన చాకా నవల మిషను చేతిలో ఏళ్ళ తరబడి ఆగి 1925లో బయటికొచ్చింది.

మాస్టారు ఇక్కడ తన చివరి అస్త్రం తీస్తాడు, అది పదునైనది. “మాతృభాషంటే పోరాటమని మీరంతా అంటారు. దక్షిణాఫ్రికాలో మాతృభాషను సంకెలగా వాడింది ఎవరు? 1953 బంటూ విద్యా చట్టం నల్లపిల్లలకు వాళ్ళ భాషలో తక్కువ రకం చదువు చెప్పి, పై చదువు దొరక్కుండా చేసింది. ఆ తరవాత అక్కడి తల్లిదండ్రులు ఇంగ్లిష్ కావాలన్నారంటే తప్పెవరిది? మన దగ్గర 2019లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం జీవోలొచ్చాయి. 2020లో హైకోర్టు కొట్టేసింది. అయినా పేదవాడు తన పిల్లకాయల్ని ఇంగ్లిష్ బడికే పంపుతున్నాడు. ఖోసా చదివి వాడికేం చెబుతావు?”

ఈ మాటలో నిజం ఉంది, ఆమె దాన్ని తగ్గించి చూపదు. 1976లో సొవెటో పిల్లలు ఎదురుతిరిగింది ఆఫ్రికాన్స్‌ను పాఠాల భాషగా రుద్దినందుకు. తమ భాషలో చదువు కావాలని వాళ్ళు అడగలేదు. ఆ తరవాత కూడా చాలా బడుల్లో ఖోసా పిల్లలు మూడేళ్ళు తమ భాషలో చదివి నాలుగో తరగతిలో ఇంగ్లిష్‌కు మారుతూ వచ్చారు. మరోపక్క 2017లో హ్లెజె కుంజు అనే పరిశోధకుడు రోడ్స్ విశ్వవిద్యాలయానికి తన పీహెచ్.డి. సిద్ధాంతగ్రంథాన్ని ఖోసాలోనే రాసి ఇచ్చాడు. జింబాబ్వేలో అల్పసంఖ్యాకులుగా ఉన్న ఖోసా వాళ్ళ భాష గురించిన పరిశోధన అది. ఆ దేశపు 2013 రాజ్యాంగం 16 భాషలకు గుర్తింపునిచ్చింది, వాటిలో ఖోసా ఉంది. “నేను చెప్పేదీ ఇదే, పెద్దనాన్నా,” అంటుంది ఆమె. “మాతృభాషలో చదువు మంచిదా చెడ్డదా అని మనం గాలిలో కొట్టుకుంటున్నాం. అదే మాతృభాష ఒక ప్రభుత్వం చేతిలో సంకెలైంది, ఒక పరిశోధకుడి చేతిలో పట్టా అయింది. తేడా దేనివల్ల వచ్చిందో తెలియాలంటే ఆ బడుల్లో కూర్చోవాలి. కూర్చున్నవాళ్ళకు పిల్లకాయలు ఏం మాట్లాడుకుంటున్నారో అర్థం కావాలి.”

ఇక దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు వలసపోయిన తెలుగువాళ్ళ సంగతి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది. 1911 దాకా లక్షా యాభై వేల పైచిలుకు కూలీలు ఒప్పందం మీద చెరకు తోటలకు వెళ్ళారు. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉత్తర ఆర్కాటు, విశాఖ వైపు నుంచి పోయినా, నెల్లూరు పేరు కూడా ఆ ఓడల జాబితాల్లో కనిపిస్తుంది. 1931లో వాళ్ళ వారసులు దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఈ ప్రవాసాంధ్రుల తెలుగు గురించి తెలుగునాట రాసిన కొద్దిపాటి రాతలు ఆ తెలుగు ఎంత మిగిలిందన్న దగ్గరే ఆగుతాయి. తోటల్లో వాళ్ళ పక్కన పనిచేసింది ఖోసాకు తోబుట్టువైన జులూ మాట్లాడే జనం. ఇద్దరి నడుమ ఫనకలో అనే మిశ్రమ భాష నడిచింది. అందులో మాటలు ఎక్కువ జులూవి. తెలుగు ఇంట్లో జులూ ఎంత వినిపించింది, జులూ వాళ్ళు ఆ తెలుగువాళ్ళ గురించి తమ భాషలో ఏమనుకున్నారు, ఏం పాడుకున్నారు అన్నది తెలుగు, నగూని భాషలు రెండూ తెలిసిన మనిషే వెతకగలడు. ప్రవాసాంధ్రుల చరిత్రలో ఇది పెద్ద ఖాళీ. వాళ్ళ మనవలు ఇంగ్లిష్ తప్ప మరో భాష లేని తరానికి చేరుకున్నారు గనక, వెతకడానికి ఉన్న గడువు కూడా తక్కువ.

ఈ చోట మాస్టారు పట్టు సడలుతుంది, అయితే పూర్తిగా వదలడు. “నగూని భాష నేర్చినవాడు తిరిగొచ్చి కుర్రు భాషకు నిఘంటువు చెయ్యాల. ఆ షరతు లేకపోతే నేనొప్పను.” ఆమెకు అభ్యంతరం లేదు. ఆ షరతు న్యాయమైనదే. ఆఫ్రికా భాషల మీద పనిచేసే పండితుడికి ఇంటి పక్కనున్న ఎరుకల, యానాది పలుకులు వినపడకపోతే ఆ పాండిత్యం సగం. హెరల్డ్ షూబ్ 1967 నుంచి ఖోసా పల్లెల్లో తిరిగి ఇంట్సోమి అనే జానపద కథలు రికార్డు చేశాడు. నొంగెనిలె మసితతు జెనాని అనే పెద్దావిడ చెప్పిన కథల్ని పుస్తకంగా తెచ్చాడు. రోజుల తరబడి సాగే కథను ఒక్క గొంతు ఎట్టా పట్టి నిలబెడుతుందో ఆ రికార్డులు చూపాయి. అదే ఓపికతో, అదే పద్ధతితో నెల్లూరు తీరంలో చేపలమ్మే ఆడవాళ్ళ కథల్ని, సోది చెప్పే ఎరుకల ఆడవాళ్ళ మాటల్ని రికార్డు చేయవచ్చు. ఆ పద్ధతి ఖోసా పల్లెల్లో నేర్చినా, ఈ తీరాన తూపిలిపాళెంలో నేర్చినా పనికొచ్చేది రెండు చోట్లా.

మొదలు ఎక్కడన్నది కష్టమైన ప్రశ్న కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆఫ్రికా అధ్యయన శాఖ ఎప్పటినుంచో స్వాహిలీ చెబుతోంది. స్వాహిలీలో చప్పరింపులు లేవు, నామవర్గాల పద్ధతి మాత్రం ఖోసాకు చుట్టమే. 1728 నాటి రాతప్రతి దాకా పోయే కావ్యసంప్రదాయమూ ఆ భాషకు ఉంది. స్వాహిలీతో తొలి మెట్టు ఎక్కిన విద్యార్థికి ఫోర్ట్ హేర్, రోడ్స్, కేప్‌టౌన్ విశ్వవిద్యాలయాల్లో ఖోసా చదువు అందుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు, వెంకటాచలం కేంద్రం కలిసి ఏటా ఒక్క విద్యార్థికి ఈ దారి ఖర్చు పెట్టుకోవాలి. తిరిగొచ్చాక ఒక ఆఫ్రికా భాష నుంచి ఒక పుస్తకం నేరుగా తెలుగులోకి, పొరుగున ఉన్న ఒక చిన్న భాషకు ఒక పదకోశం ఇవ్వాలన్న మాస్టారి షరతుతోనే పంపాలి. తెలుగు శాఖల అధిపతులు వచ్చే పాలకమండలి సమావేశంలోనే ఈ ప్రతిపాదన పెట్టాలి.